ఒరాకిల్ క్లౌడ్‌లో మీ పేరు మీద ఎన్ని ఆథ్ టోకెన్లున్నాయో కమాండ్ లైన్‌లో చూడటం ఎలా?

నా అకౌంట్‌లో రెండు ఆథ్ టోకెన్లుండేవి, అంటే బయటి టూల్స్‌కి ఇచ్చే పాస్‌వర్డ్ లాంటివి. రెండిటికీ నేను పెట్టిన పేరు ‘టెస్ట్’. ఒకటి నా ల్యాప్‌టాప్ నుంచి డాకర్ ఇమేజ్‌లు (ప్రోగ్రామ్‌ని నడపడానికి కట్టిన మూటలు) పంపడానికి, ఇంకోటి కుబర్నెటీస్ క్లస్టర్ (వాటిని నడిపే మెషీన్ల గుంపు) ఆ ఇమేజ్‌లు తెచ్చుకోవడానికి. ల్యాప్‌టాప్ మార్చాక పాతది ఎందుకులే అని ఒకదాన్ని డిలీట్ కొట్టాను. ఆ సాయంత్రం ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున లోడ్ పెరిగి క్లస్టర్‌లో కొత్త నోడ్ ఒకటి, అంటే కొత్త మెషీన్, లేచింది. పాత నోడ్ల దగ్గర ఇమేజ్ ముందే ఉంది కాబట్టి అవి నడుస్తూనే ఉన్నాయి. కొత్తదాని దగ్గర లేదు. తెచ్చుకోబోతే పాస్‌వర్డ్ చెల్లలేదు. స్క్రీన్ మీద ఇమేజ్ తెచ్చుకోలేకపోతున్నానని చెప్పే ‘ఇమేజ్‌పుల్‌బ్యాక్‌ఆఫ్’ అనే మాట వరసగా కనబడుతుంటే, నిన్న సాయంత్రం చేసిన పని నాకు అరగంట దాకా గుర్తే రాలేదు.

తప్పు నాదే. డిలీట్ చేసే ముందు ఉన్నవేంటో సరిగ్గా చూసుకోలేదు. ఆ చూసుకునే పని ఎలాగో ఇక్కడ చెప్తాను. అసలు కమాండ్ ఒక్క లైనే. దాని చుట్టూ తెలుసుకోవాల్సినవే ఎక్కువ.

ఒక మాట ముందే. కమాండ్లని ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. ‘ఆథ్’ అంటే ఏ, యూ, టీ, హెచ్ అనే నాలుగు అక్షరాలు. గీతలు, కోట్స్, బ్రాకెట్లు ఎలా ఉన్నాయో అలాగే కొట్టండి.

ఇంతకీ ఏ టోకెన్?

ఒరాకిల్ క్లౌడ్‌లో తాళంచెవులు చాలా రకాలు. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

ఏపీఐ కీ అంటే ఒరాకిల్ కమాండ్ లైన్ టూల్ (దాని పేరు ఓసీఐ) తనెవరో చెప్పుకోవడానికి వాడే ఆర్‌ఎస్‌ఏ జత. ప్రైవేట్ కీ మీ మెషీన్‌లో, పబ్లిక్ కీ క్లౌడ్‌లో ఉంటాయి. ఒక యూజర్‌కి ఇవి మూడు దాకా పెట్టుకోవచ్చు. సెషన్ టోకెన్ అంటే ‘ఓసీఐ సెషన్ ఆథెంటికేట్’ అని కొడితే బ్రౌజర్ తెరుచుకుని లాగిన్ అయ్యాక వచ్చేది. అది గంటకల్లా చచ్చిపోతుంది. ఈ రెండూ మనకి ఇప్పుడు అక్కర్లేదు.

ఆథ్ టోకెన్ వేరు. ఒరాకిల్ సంతకం పద్ధతి తెలియని బయటి టూల్స్‌కి పాస్‌వర్డ్‌లా ఇచ్చేది అది. డాకర్ లాగిన్‌కి, డెవ్‌ఆప్స్ సర్వీస్‌లోని గిట్ రిపోకి, స్ట్రీమింగ్‌కి కాఫ్కా క్లయింట్ తగిలించడానికి, అటానమస్ డేటాబేస్ నుంచి ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లోని ఫైళ్లు చదవడానికి ఇదే కావాలి. ఒకప్పుడు దీన్ని స్విఫ్ట్ పాస్‌వర్డ్ అనేవాళ్లు. పాత డాక్యుమెంట్లలో ఆ మాట కనిపిస్తే కంగారుపడొద్దు, రెండూ ఒకటే.

దీని గురించి మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఒక యూజర్‌కి రెండే ఇస్తారు. దానంతటది ఎక్స్‌పైర్ అవదు. తయారుచేసిన క్షణంలో ఒక్కసారే కనిపిస్తుంది, ఆ తర్వాత మీకూ కనపడదు, అడ్మిన్‌కీ కనపడదు.

టూల్ సిద్ధం చేసుకోవడం

ఒక్కసారి చూసి వదిలేసే పనైతే ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి. ఒరాకిల్ క్లౌడ్ కన్సోల్‌లోకి లాగిన్ అయి, పైన కుడివైపు డెవలపర్ టూల్స్ గుర్తు నొక్కి క్లౌడ్ షెల్ తెరవండి. బ్రౌజర్‌లోనే లైనక్స్ టెర్మినల్ వస్తుంది. ఓసీఐ టూల్ అందులో ముందే ఉంటుంది, మీ పేరు మీదే లాగిన్ అయి ఉంటుంది. నేనైతే ఇప్పటికీ సగం పనులు అక్కడే కానిస్తాను.

సొంత మెషీన్‌లోనే కావాలంటే మ్యాక్‌లో ‘బ్రూ ఇన్‌స్టాల్ ఓసీఐ-సీఎల్ఐ’, పైథాన్ ఉన్న చోట ‘పిప్ ఇన్‌స్టాల్ ఓసీఐ-సీఎల్ఐ’. అయ్యాక ‘ఓసీఐ --వెర్షన్’ కొడితే ఒక నంబర్ రావాలి. వచ్చిందంటే టూల్ ఎక్కినట్టే.

తర్వాత ‘ఓసీఐ సెటప్ కాన్ఫిగ్’. అది వరసగా ప్రశ్నలు వేస్తుంది: కాన్ఫిగ్ ఫైల్ ఎక్కడ పెట్టాలి, మీ యూజర్ ఓసీఐడీ ఏంటి, టెనెన్సీ (ఒరాకిల్ క్లౌడ్‌లో మీ మొత్తం అకౌంట్) ఓసీఐడీ ఏంటి, ఏ రీజియన్, కొత్త కీ జత తయారుచేయమంటారా అని. ఓసీఐడీ అంటే ఒరాకిల్ క్లౌడ్‌లో ప్రతి వస్తువుకీ ఉండే పొడవాటి గుర్తింపు నంబర్. యూజర్‌దీ టెనెన్సీదీ కన్సోల్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కితే దొరుకుతాయి, పక్కనే కాపీ బటన్ ఉంటుంది. చేత్తో టైప్ చేసే సాహసం వద్దు. యూజర్ ఓసీఐడీ మధ్యలో రెండు చుక్కలు పక్కపక్కన కనిపిస్తాయి. తప్పు కాపీ అయిందని ఒకదాన్ని చెరిపేయకండి. రెండు చుక్కల మధ్య రీజియన్ పేరు ఉండాలి, యూజర్లు ఏ ఒక్క రీజియన్‌కీ చెందరు కాబట్టి ఆ చోటు ఖాళీ.

రీజియన్ దగ్గర మన వాళ్లు చాలామంది హైదరాబాద్ ఎంచుకుంటారు. ఒరాకిల్ మన దేశంలో 2019లో ముంబయి, 2020లో హైదరాబాద్ రీజియన్లు తెరిచింది. ‘ఏపీ-హైదరాబాద్-1’ అని చూసి ఆంధ్రప్రదేశ్ అనుకునేరు, అక్కడ ఏపీ అంటే ఆసియా పసిఫిక్. టోకెన్లు చూడటానికి మీరు వాడుతున్న ఏ రీజియన్ అయినా ఫర్వాలేదు. కొత్తది చేయడం, పాతది తీసేయడం మాత్రం హోమ్ రీజియన్‌లోనే, అంటే అకౌంట్ తెరిచినప్పుడు ఎంచుకున్న రీజియన్‌లోనే జరగాలి.

సెటప్ పూర్తయిందని మెసేజ్ రాగానే పని అయిపోయిందనుకుని లేచిపోతారు. ఇంకో అడుగు ఉంది. అది తయారుచేసిన పబ్లిక్ కీని కన్సోల్‌లో మీ ప్రొఫైల్ కింద ఏపీఐ కీస్ అనే చోట అప్‌లోడ్ చేయాలి. చేయకపోతే ఏ కమాండ్ కొట్టినా 401 అనే ఎర్రర్ వస్తుంది.

అసలు కమాండ్

క్లౌడ్ షెల్‌లో ఉంటే మీ ఓసీఐడీ కోసం వెతుక్కోనక్కర్లేదు. అది ఒక వేరియబుల్‌లో ముందే ఉంటుంది.

ఓసీఐ ఐఏఎం ఆథ్-టోకెన్ లిస్ట్ --యూజర్-ఐడీ $ఓసీఐ_సీఎస్_యూజర్_ఓసీఐడీ

ఆ డాలర్ గుర్తు తర్వాతి పేరు మాత్రం అన్నీ పెద్ద అక్షరాల్లో ఉండాలి, మధ్యలో అండర్‌స్కోర్లు. సొంత మెషీన్ అయితే ఆ వేరియబుల్ ఉండదు, దాని చోట మీ యూజర్ ఓసీఐడీ పూర్తిగా అతికించండి. కాన్ఫిగ్ ఫైల్‌లో ‘యూజర్=’ అన్న లైన్‌లో అదే ఉంటుంది, అక్కడి నుంచి తెచ్చుకోవడం సులువు.

యూజర్-ఐడీ ఇవ్వకుండా లిస్ట్ అడిగితే టూల్ ఒప్పుకోదు. కాన్ఫిగ్‌లో నా పేరు ఉంది కదా, మళ్లీ ఎందుకు అడుగుతుందని నాకూ మొదట్లో విసుగొచ్చేది. అడ్మిన్ అయినవాళ్లు వేరేవాళ్ల టోకెన్లు కూడా ఇదే కమాండ్‌తో చూస్తారు. అందుకే ఎవరివో చెప్పి తీరాలి.

వచ్చినదాన్ని చదవడం

జవాబు జేసన్‌లో, అంటే పేరు, విలువ జతలుగా రాసే పద్ధతిలో వస్తుంది. పైన ‘డేటా’, దాని లోపల ఒక్కో టోకెన్‌కీ ఒక్కో ముక్క. ఒక ముక్కని దగ్గరగా చూద్దాం:

"డిస్క్రిప్షన్": "టెస్ట్",
"ఐడీ": "ఓసీఐడీ1.క్రెడెన్షియల్.ఓసీ1..ఏఏఏఏ…",
"లైఫ్‌సైకిల్-స్టేట్": "యాక్టివ్",
"టైమ్-క్రియేటెడ్": "2024-03-11T19:42:08+00:00",
"టైమ్-ఎక్స్‌పైర్స్": నల్,
"టోకెన్": నల్,
"యూజర్-ఐడీ": "ఓసీఐడీ1.యూజర్.ఓసీ1..ఏఏఏఏ…"

చూడగానే అందరికీ గుండె జారేది ‘టోకెన్: నల్’ దగ్గర. నల్ అంటే ఖాళీ. టోకెన్ పోయిందా? పోలేదు, పనిచేస్తూనే ఉంది. దాని విలువని మాత్రం ఒరాకిల్ మళ్లీ చూపించదు, అంతే. ఇంట్లో మేకుకి తగిలించిన తాళంచెవుల గుత్తిని తలుచుకోండి. ఈ లిస్ట్ మీకు చూపించేది ఒక్కో చెవికీ కట్టిన చీటీని. చెవి చూపించదు. చీటీ మీద ‘టెస్ట్’ అని రాసుకుంటే చూపించేదీ అదే. పాత విలువ ఎక్కడా రాసుకోలేదు, ఇప్పుడు కావాలి అంటే దారి లేదు, కొత్తది చేసుకోవాల్సిందే. ఇందులో మీకు కలిగే ఇబ్బంది కంటే లాభమే ఎక్కువ: మీ కమాండ్ లైన్ ఎవరి చేతిలోనైనా పడితే, లిస్ట్ కొట్టి పాస్‌వర్డ్ ఎత్తుకుపోలేరు.

‘టైమ్-ఎక్స్‌పైర్స్: నల్’ అంటే గడువు లేదని. ఆ నల్ చూసి భయపడాల్సింది నిజానికి ఇక్కడ. నాలుగేళ్ల కిందట ఎవరో చేసి మర్చిపోయిన టోకెన్ ఇవాళ్టికీ తలుపు తీస్తుంది.

‘టైమ్-క్రియేటెడ్’ యూటీసీలో ఉంటుంది. మన టైమ్ కావాలంటే ఐదున్నర గంటలు కలపాలి. పై ఉదాహరణలో మార్చి 11 అని ఉన్నా, మన గడియారం ప్రకారం అది మార్చి 12 తెల్లవారుజాము 1:12. రాత్రిపూట పనిచేసేవాళ్లకి ఇది బాగా తగులుతుంది. ‘పదకొండున నేనసలు సెలవులో ఉన్నాను, ఇది నాది కాదు’ అని డిలీట్ కొట్టే ముందు ఈ లెక్క వేసుకోండి.

ఈ లిస్ట్‌లో లేనిది ఒకటుంది. ఈ టోకెన్‌ని చివరిసారి ఎప్పుడు వాడారు, ఎక్కడ వాడారు అన్నది ఇందులో రాదు. అమెజాన్ క్లౌడ్‌లో యాక్సెస్ కీ చివరిసారి ఎప్పుడు వాడారో అడిగే కమాండ్ విడిగా ఉంది. ఇక్కడి లిస్ట్‌లో ఆ వసతి లేదు కాబట్టి డిస్క్రిప్షన్, తేదీ, మీ జ్ఞాపకం, ఈ మూడే ఆధారం.

ఎర్రర్ ఏమీ లేకుండా, జేసన్ కూడా లేకుండా ఖాళీగా ప్రాంప్ట్ తిరిగొచ్చిందా? ఆ యూజర్‌కి టోకెన్లు లేవని అర్థం.

కళ్లకి కాస్త సుఖంగా

రెండు టోకెన్లకి అంత జేసన్ చదవడం అనవసరం. కావాల్సిన మూడు సంగతులే టేబుల్‌లా రావాలంటే కమాండ్ చివర ఇది తగిలించండి:

--క్వెరీ 'డేటా[*].[డిస్క్రిప్షన్, "టైమ్-క్రియేటెడ్", ఐడీ]' --అవుట్‌పుట్ టేబుల్

‘టైమ్-క్రియేటెడ్’కి మాత్రమే డబుల్ కోట్స్ ఎందుకు పెట్టానో గమనించారా? పేరులో చిన్న గీత ఉంది. కోట్స్ లేకపోతే ఆ క్వెరీ భాషకి అది అర్థం కాక ఎర్రర్ ఇస్తుంది. గీత లేని పేర్లకి అక్కర్లేదు. మొత్తాన్ని చుట్టిన సింగిల్ కోట్స్ బాష్ కోసం. విండోస్ పవర్‌షెల్‌లో ఈ కోట్స్ గొడవ వేరేలా ఉంటుంది. అక్కడ తలనొప్పి పడేకంటే క్లౌడ్ షెల్ తెరుచుకోవడం మేలని నా అభిప్రాయం.

ఎర్రర్లు వస్తే

401 వచ్చిందంటే మీరెవరో క్లౌడ్‌కి తెలియలేదు. పబ్లిక్ కీ అప్‌లోడ్ చేశారా, కాన్ఫిగ్‌లోని ఫింగర్‌ప్రింట్ కన్సోల్‌లో కనిపించేదానితో కలుస్తోందా చూడండి. రెండూ బాగున్నా 401 వదలకపోతే మెషీన్‌లో గడియారం చూడండి. ఐదు నిమిషాలకి మించి అటూ ఇటూ ఉంటే ఒరాకిల్ ఒప్పుకోదు. నిద్రపుచ్చి లేపిన వర్చువల్ మెషీన్లలో ఇది తరచూ జరుగుతుంది. నేను ఒకసారి కీలు రెండుసార్లు మార్చాక గానీ గడియారం వైపు చూడలేదు.

404 వస్తే ‘హక్కు లేదు, లేదా అలాంటిది లేదు’ అని రెండూ కలిపి ఒకే మాటగా చెప్తుంది. ఏది కారణమో కావాలనే చెప్పదు. మీ సొంత టోకెన్లు చూసుకోవడానికి ప్రత్యేక పాలసీ ఏదీ అక్కర్లేదు. కాబట్టి మీ లిస్ట్ మీరే అడిగినా 404 వస్తోందంటే ఓసీఐడీ తప్పు కాపీ అయి ఉంటుంది, లేదా కాన్ఫిగ్‌లో వేరే టెనెన్సీ ప్రొఫైల్ నడుస్తోంది. రెండు మూడు అకౌంట్లు వాడేవాళ్లు కమాండ్ చివర ‘--ప్రొఫైల్’ అని పేరు చెప్పడం అలవాటు చేసుకోండి.

కాన్ఫిగ్ ఫైల్ పర్మిషన్లు మరీ బార్లా ఉన్నాయని వార్నింగ్ వస్తే ‘ఓసీఐ సెటప్ రిపేర్-ఫైల్-పర్మిషన్స్ --ఫైల్’ అని, పక్కన ఆ ఫైల్ దారి ఇవ్వండి. సరిచేసుకుంటుంది.

టీమ్ మొత్తానివి చూడాలంటే

మీరు అడ్మిన్ అయితే, ముందు యూజర్ల ఓసీఐడీలు తీయండి:

ఓసీఐ ఐఏఎం యూజర్ లిస్ట్ --ఆల్ --క్వెరీ "జాయిన్(' ', డేటా[*].ఐడీ)" --రా-అవుట్‌పుట్

‘--ఆల్’ మర్చిపోతే మొదటి పేజీతో ఆగిపోతుంది. పెద్ద కంపెనీలో సగం మంది కనపడకుండా పోతారు. వచ్చిన ఓసీఐడీల మీద బాష్‌లో ఒక ఫర్ లూప్ పెట్టి, ఒక్కో యూజర్‌కీ పైన చెప్పిన ఆథ్-టోకెన్ లిస్ట్ కమాండ్ నడిపితే సరి. నేను ఈ పని చేసినప్పుడల్లా ఏదో ఒకటి బయటపడుతుంది. టీమ్ మారిపోయిన మనిషి పేరు మీద ఇంకా బతికున్న టోకెన్ లాంటిది.

అలాంటిది దొరికితే వెంటనే కోసేయకండి. దాని మీద ఏ పైప్‌లైన్ నడుస్తోందో ముందు అడగండి. మనిషి పేరు మీది టోకెన్‌తో బిల్డ్ సర్వర్ నడపడం అసలు మంచి పద్ధతి కాదు. మెషీన్లకోసం విడిగా ఒక యూజర్‌ని చేసి, టోకెన్ దాని పేరు మీద పెట్టండి. టోకెన్లతో పనే లేని యూజర్లకి ‘ఓసీఐ ఐఏఎం యూజర్ అప్‌డేట్-యూజర్-కేపబిలిటీస్’ కమాండ్‌లో ‘--కెన్-యూజ్-ఆథ్-టోకెన్స్ ఫాల్స్’ ఇచ్చి ఆ తలుపే మూసేయొచ్చు.

చూశాక చేయాల్సినవి

మొదట చీటీలు మార్చండి. టోకెన్ విలువని ముట్టుకోకుండా డిస్క్రిప్షన్ ఒక్కటే మార్చే వీలుంది:

ఓసీఐ ఐఏఎం ఆథ్-టోకెన్ అప్‌డేట్ --యూజర్-ఐడీ … --ఆథ్-టోకెన్-ఐడీ … --డిస్క్రిప్షన్ "క్లస్టర్ ఇమేజ్ పుల్, ప్రొడక్షన్"

చుక్కలున్న చోట లిస్ట్‌లో వచ్చిన రెండు ఐడీలు పెట్టండి. ఆథ్-టోకెన్-ఐడీ చోట ‘క్రెడెన్షియల్’ అనే మాట ఉన్నదే రావాలి, యూజర్‌ది కాదు. డిస్క్రిప్షన్‌లో దేనికోసం, ఏ మెషీన్‌లో అన్న రెండూ ఉంటే చాలు, కవిత్వం అక్కర్లేదు. టోకెన్ విలువ మాత్రం పొరపాటున కూడా అక్కడ రాయకండి. నవ్వకండి, అలా రాసినవాళ్లని చూశాను.

టోకెన్ మార్చాలనుకుంటే వరస ముఖ్యం. రెండే స్లాట్లు కాబట్టి ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోండి. రెండూ నిండిపోతే, కొత్తది చేయాలన్నా పాతదేదో ముందు తీసేయాల్సి వస్తుంది, ఆ మధ్యలో ఎక్కడో ఏదో ఆగుతుంది. ఖాళీ స్లాట్‌లో ‘ఓసీఐ ఐఏఎం ఆథ్-టోకెన్ క్రియేట్’తో కొత్తది చేయండి. ఈసారి జవాబులో ‘టోకెన్’ పక్కన నల్ ఉండదు, అసలు విలువ ఉంటుంది. అదే మొదటిసారి, అదే ఆఖరిసారి. విండో మూసే ముందు పాస్‌వర్డ్ మేనేజర్‌లోనో, వాల్ట్‌లోనో పెట్టేయండి. అందులో గుర్తులు, బ్రాకెట్లు ఉండొచ్చు. కమాండ్‌లో నేరుగా అతికిస్తే షెల్ వాటిని తనకి తోచినట్టు అర్థం చేసుకుంటుంది, హిస్టరీలో కూడా మిగిలిపోతుంది. డాకర్‌కి ఇచ్చేటప్పుడు ‘--పాస్‌వర్డ్-ఎస్‌టీడీఇన్’ వాడండి.

కొత్తది పెట్టాల్సిన చోటల్లా పెట్టారు, లాగిన్ సక్సెస్ అంది. ఇప్పుడు పాతదాన్ని తీయొచ్చు:

ఓసీఐ ఐఏఎం ఆథ్-టోకెన్ డిలీట్ --యూజర్-ఐడీ … --ఆథ్-టోకెన్-ఐడీ …

నిజంగానే తీసేయమంటారా అని అడుగుతుంది. ‘--ఫోర్స్’ పెడితే అడగదు. నేను ‘--ఫోర్స్’ పెట్టను. ఆ ప్రశ్న దగ్గర ఆగి, ఐడీ చివరి ఆరేడు అక్షరాలు పైన టేబుల్‌లోని వాటితో కలుస్తున్నాయో లేదో చూసుకుంటాను. మొదటి అక్షరాలు చూసి లాభం లేదు, అన్నిటికీ ఒకేలా ఉంటాయి.

తీసేశాక మళ్లీ లిస్ట్ కొట్టండి, ఒక్క వరసే రావాలి. క్లస్టర్ కూడా ఉంటే, ఇమేజ్ పుల్ పాలసీ ‘ఆల్వేస్’ అని పెట్టి ఒక చిన్న పాడ్ (క్లస్టర్‌లో ఇమేజ్‌ని నడిపే ముక్క) లేపి చూడండి. అది రిజిస్ట్రీ (ఇమేజ్‌లు దాచిన చోటు) దాకా వెళ్లి కొత్త టోకెన్‌తో తలుపు తట్టాకే లేస్తుంది. నోడ్‌లో ముందే ఉన్న ఇమేజ్‌తో లేచిన పాడ్‌ని చూసి అంతా బాగుందనుకుంటే, మర్నాడు పొద్దున కొత్త నోడ్ లేచేదాకా నాలాగే మీకూ ఏమీ తెలియదు.